లేపాక్షి చుట్టూ ఆఫ్‌రోడింగ్: ఖాళీగా కనిపించే ఆ నేల ఎవరిది? బండి ఎక్కడ దింపొచ్చు, ఎక్కడ కుదరదు?

శనివారం తెల్లవారుజామున బెంగళూరులో బయల్దేరితే, 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాటి ఎడమకు తిరిగి, టిఫిన్ వేళకు లేపాక్షి చేరుకోవచ్చు. దూరం సుమారు 120 కిలోమీటర్లు. వీరభద్రాలయం, వేలాడే స్తంభం, ఏకశిలా నంది చూసేసరికి మధ్యాహ్నమవుతుంది. ఇంకా సగం రోజు మిగిలే ఉంటుంది. చుట్టూ చూస్తే ఎర్రటి గుట్టలు, నీళ్లు లేని చెరువులు, కంచె లేని బీళ్లు. ఫోర్ బై ఫోర్ జీపో, అడ్వెంచర్ బైకో ఉన్నవాళ్లకు సహజంగానే ఒక ఆలోచన వస్తుంది: ‘రోడ్డు దిగి చూద్దామా?’

ఇలాంటి ఆలోచన వారాంతాల్లో ఇటు వచ్చే చాలామందికి కలుగుతోంది. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వైపు వెళ్లేవారిదీ ఇదే ఆలోచన. అయితే ఆ నేల ఎవరిది, దాని మీద బండి నడిపే హక్కు ఎవరికి ఉంది, నడిపితే ఏమవుతుంది అన్నవి తెలుసుకుని వెళ్లేవారు తక్కువ. మీరు వెళ్లాలనుకుంటే ముందుగా తెలుసుకోవాల్సినవి ఇవీ.

ఖాళీగా ఉంది కదా, ఎవరిదీ కాదా?

ఎవరిదీ కాని భూమి అంటూ ఈ ప్రాంతంలో లేదు. మన కంటికి ఒకేలా కనిపించే బీడులో పక్కపక్కనే నాలుగైదు రకాల భూములు ఉండొచ్చు. ఒకటి రిజర్వు అడవి, దాని పక్కది పంచాయతీ మేత పోరంబోకు, ఆ పక్కది వంక పోరంబోకు, ఇంకొకటి పేద రైతుకు ప్రభుత్వం ఇచ్చిన డి.పట్టా భూమి, మరొకటి వాన పడక ఈ ఏడు విత్తనం వేయని సొంత పట్టా చేను.

దీనికి దగ్గర్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 2008-09 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కేటాయించారు. అనుకున్న పరిశ్రమలు రాలేదు. వ్యవహారం దర్యాప్తుల వరకు, కోర్టుల వరకు వెళ్లింది. రోడ్డు మీది నుంచి చూసేవారికి అది ఉత్త బీడు. ఒకప్పుడు అందులో సాగు చేసుకున్న రైతులకు మాత్రం అది ఇంకా తేలని లెక్క.

గూగుల్ మ్యాప్‌లో సన్నని గీత కనిపించినంత మాత్రాన అది ప్రజల దారి అయిపోదు. ఒక రైతు తన చేనుకు ఎరువు తోలుకోవడానికి వేసుకున్న ట్రాక్టరు బాట కూడా ఉపగ్రహ చిత్రంలో దారిలాగే కనిపిస్తుంది.

ఒక్క బండి వెళ్తే ఏమవుతుంది?

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఆ కాస్త వాన కూడా కొద్ది రోజుల్లోనే గట్టిగా కురిసి పోతుంది. పడిన నీరు ఎంత ఇంకింది, ఎంత కొట్టుకుపోయింది అన్నదాని మీదే బోర్లు, పశువుల మేత, వేరుశనగ పంట ఆధారపడి ఉంటాయి.

ఇక్కడి ఎర్రనేలలో పైపొర పలుచన. బరువైన చక్రం వెళ్లినచోట మట్టి అణిగి గట్టిపడుతుంది. అక్కడ నీరు ఇంకదు, గడ్డి వేరు దిగదు. వాలు మీద నేరుగా ఎక్కి దిగిన టైరు గాడి మొదటి వానకే చిన్న కాలువ అవుతుంది. రెండో వానకు మరింత లోతవుతుంది. కోసుకుపోయిన మట్టి కింద ఉన్న చెరువులోకి చేరి పూడిక అవుతుంది. ఒక్క బండి వదిలిన గాడి చూసి పది బండ్లు అదే దారి పట్టడం, గాడి లోతైతే పక్క నుంచి కొత్త దారి చేయడం ఎక్కడైనా జరిగేదే. అలా ఒక బాట కాస్తా ఐదు బాటలవుతుంది.

ఎండు నేలల్లో ఈ గాయం త్వరగా మానదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం కాలిఫోర్నియాలోని మొహావే ఎడారిలో ట్యాంకులతో శిక్షణ జరిపింది. ఆ చక్రాల జాడలు దశాబ్దాల తర్వాత కూడా అక్కడ కనిపిస్తున్నాయి.

చెరువు ఎండిపోయి ఉంది కదా, అందులో నడిపితే తప్పేంటి?

ఆఫ్‌రోడింగ్‌కు వచ్చేవారిని ఎక్కువగా ఆకర్షించేది ఎండిన చెరువే. చదునుగా, విశాలంగా ఉంటుంది. నీరు తగ్గిన చెరువులో మొలిచే గడ్డి వేసవిలో ఊరి పశువులకు దొరికే చివరి మేత అన్న సంగతి బయటివారికి తెలియదు. పైకి ఎండినట్టు కనిపించే పూడిక కింద తడి ఉంటుంది కాబట్టి బండి కూరుకుపోతే ఊరి ట్రాక్టరు రావాల్సిందే.

చెరువు కట్ట మీద, మరవ మీద బండి ఎక్కించడం ఇంతకంటే ప్రమాదం. చక్రాల ఒరిపిడికి కట్ట పైభాగం ఒకచోట కుంగితే, చెరువు నిండిన రోజు నీరు ముందుగా అక్కడే పొర్లుతుంది. కట్ట తెగితే నష్టం ఆయకట్టు రైతులది. ఆ సమయానికి మీరు ఊళ్లో ఉండరు.

నష్టం నేలకేనా?

కాదు. ఉమ్మడి అనంతపురం గొర్రెల పెంపకానికి పేరున్న జిల్లా. కురుబ, గొల్ల కుటుంబాల్లో చాలామందికి ఇప్పటికీ మందే జీవనాధారం. పంట కోసిన చేలు, గుట్టల వాలు, చెరువు లోపలి భాగం వారి మేత భూములు. వేగంగా దూసుకొచ్చే బండి చూసి మంద చెదిరితే, ఈనబోయే గొర్రెలు పరిగెత్తి ఈచుకుపోతాయి, పిల్లలు తల్లుల నుంచి తప్పిపోతాయి. మందను మళ్లీ ఒకచోటికి చేర్చడానికి కాపరికి పూటంతా పడుతుంది.

వన్యప్రాణుల విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకకు కావాల్సింది ఇలాంటి గడ్డి నేలలే. రాయలసీమ ఎండు మైదానాల్లో తోడేళ్లు, రాతి గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. తీతువు పిట్ట గూడు కట్టదు, ఉత్త నేల మీదే రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. దాదాపు మార్చి నుంచి ఆగస్టు దాకా అది గుడ్లు పెట్టే కాలం. రాళ్ల రంగులో కలిసిపోయే ఆ గుడ్లు నడిచే మనిషికే సరిగా కనిపించవు, ఇక స్టీరింగ్ వెనక కూర్చున్నవారికి కనిపించడం కల్ల.

మన జిల్లాలోనే ఒక పాఠం

లేపాక్షికి ఉత్తరాన, ఇదే శ్రీసత్యసాయి జిల్లాలో, చెన్నేకొత్తపల్లి పరిసర గ్రామాల ప్రజలు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో 1990ల నుంచి కొండలను కాపాడుకుంటూ వచ్చారు. దాని పేరు కల్పవల్లి. ఏడు వేల ఎకరాలకు పైగా విస్తరించిన ఆ నేల రెవెన్యూ రికార్డుల్లో బంజరే. మంటలు రాకుండా చూసుకుని, చెట్లు కొట్టకుండా కట్టడి పెట్టుకుంటే కొన్నేళ్లకు బోదగడ్డి, ఈత చెట్లు పెరిగాయి. మేత దొరికింది. వంకల్లో నీరు ఎక్కువ కాలం నిలిచింది.

తర్వాత గాలిమరల ప్రాజెక్టు వచ్చింది. బరువైన యంత్రాలు ఎక్కించేందుకు కొండల మీద వెడల్పాటి దారులు తవ్వారు. ఆ దారుల వల్ల మట్టి కోసుకుపోతోందని, నీటి పారుదల దెబ్బతింటోందని వివాదం రేగి జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్లింది. గాలిమరల రోడ్డు వేరు, వారాంతపు జీపు వేరు, నిజమే. కానీ రికార్డులో ‘బంజరు’ అని రాసి ఉన్న నేల ఊరికి ఎంత విలువైనదో, వాలు మీద వేసిన దారి ఆ నేలను ఏం చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

హైదరాబాద్ దగ్గర ఇలాంటి గొడవ నేరుగా వినోద వాహనాల మీదే వచ్చింది. 2023 ఆగస్టులో వికారాబాద్ జిల్లా అనంతగిరి అడవిలో కార్లు, బైకులతో చేసిన విన్యాసాల వీడియోలు బయటకొచ్చి వార్తలయ్యాయి. అదే జిల్లాలోని ఎన్కతల గడ్డిభూముల్లో వాహనాల తిరుగుడు మీద పక్షి ప్రేమికులు ఆందోళన చెబుతూనే ఉన్నారు.

ఏ భూమికి ఎవరి అనుమతి కావాలి?

- రిజర్వు అడవి: అటవీ శాఖ రేంజ్ అధికారి లేదా డివిజనల్ అధికారి అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా ప్రవేశించడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం-1967లోని సెక్షన్ 20 ప్రకారం నేరం. అభయారణ్యమైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 కింద ఇంకా కఠినమైన నిబంధనలుంటాయి.
- మేత పోరంబోకు, కళ్లాలు, శ్మశానాలు, తోపులు: పంచాయతీరాజ్ చట్టం-1994 ప్రకారం ఇలాంటి ఉమ్మడి భూములు గ్రామ పంచాయతీ అధీనంలో ఉంటాయి. పంచాయతీతో పాటు తహసీల్దారు కార్యాలయంలోనూ అడగాలి.
- చెరువు, వంక, కాలువ: జలవనరుల శాఖ, పంచాయతీ, రెవెన్యూ అధికారుల పరిధి. కట్ట మీద వాహన విన్యాసాలకు అనుమతి అడగాలన్న ఆలోచనే వద్దు.
- డి.పట్టా, సొంత పట్టా భూమి: సాగుదారును అడగాలి. ‘ఏమీ వేయలేదు కదా’ అన్నది అనుమతి కాదు. దున్ని వదిలిన చేనులో బండి తొక్కితే మళ్లీ దున్నాల్సిన ఖర్చు రైతుదే.
- ఆలయం, నంది పరిసరాలు: ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. ఆలయం నిలిచి ఉన్న కూర్మశైలం బండల మీదికి బండి ఎక్కించి ఫొటో దిగాలన్న సరదా అసలే పనికిరాదు.

భూమి ఏ రకమో తెలుసుకునేదెలా?

మీభూమి పోర్టల్‌లో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఇస్తే అడంగల్, 1బి వివరాలు వస్తాయి. సర్వే నంబరు తెలియకపోతే ఆ ఊరి గ్రామ సచివాలయానికి వెళ్లండి. అక్కడ వీఆర్వో, గ్రామ సర్వేయరు ఉంటారు. గ్రామ పటంలో బండిబాట ఏది, వంక ఏది, అడవి హద్దు ఎక్కడ అన్నది వారు చూపించగలరు. సచివాలయాలు ఆదివారం తెరవరు కాబట్టి శుక్రవారమో అంతకుముందో కనుక్కోవడం మంచిది.

పటంలో గ్రామ బండిబాటగా నమోదైన దారి మీద వెళ్లడానికి మీకు అడ్డు ఉండదు. చాలామందికి కావాల్సిన గతుకులు, రాళ్లు, వంక దాటడం అన్నీ ఆ బాటల్లోనే దొరుకుతాయి.

రోడ్డు దిగితే మోటారు వాహన చట్టం వర్తించదా?

ఇది చాలామందికి ఉన్న అపోహ. మోటారు వాహనాల చట్టం-1988లో ‘బహిరంగ స్థలం’ అంటే రోడ్డు ఒక్కటే కాదు, ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న ఏ స్థలమైనా. కాబట్టి:

- ప్రమాదకరంగా నడిపితే సెక్షన్ 184 వర్తిస్తుంది. తొలిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ.
- ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా పందెం పెట్టుకుంటే సెక్షన్ 189. తొలిసారికి మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.
- తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన సస్పెన్షన్, మార్చిన సైలెన్సర్ ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి.
- సాధారణ మోటారు బీమా పాలసీలు పందేలకు, వేగ పరీక్షలకు వర్తించవు. మీ పాలసీలో ‘వాడకంపై పరిమితులు’ అన్న భాగం ఒకసారి చదవండి.

ఇతరుల చేలోకి అక్రమంగా చొరబడితే, పంటకో గట్టుకో నష్టం చేస్తే భారతీయ న్యాయ సంహితలోని 329, 324 సెక్షన్ల కింద కూడా కేసు పెట్టే అవకాశం ఉంది.

అలాగైతే పూర్తిగా నిషేధిస్తే పోలేదా?

నిషేధం తేలిగ్గా కనిపిస్తుంది కానీ అమలయ్యే తీరులో చిక్కుంది. బండ్లను ఆపడానికి కందకం తవ్వినా, కంచె వేసినా, గేటు పెట్టినా ఆగేది బండి ఒక్కటే కాదు. రోజూ ఆ దారిన వెళ్లే మంద, ఈత చెట్లెక్కే గీత కార్మికుడు, తాటాకు, బోదగడ్డి తెచ్చుకునే ఆడవాళ్లు కూడా ఆగిపోతారు. వారానికోసారి వచ్చేవారి తప్పుకు ప్రతిరోజూ వచ్చేవారు శిక్ష అనుభవించకూడదు. ఏ నియమమైనా మనిషిని, పశువును కాక మోటారును ఆపేలా ఉండాలి.

మరోవైపు, నియమమే లేకపోతే బండ్లు అన్నిచోట్లకూ పాకుతాయి. అమెరికా ఈ దశ దాటి వచ్చింది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో ఆఫ్‌రోడ్ వాహనాలకు దారులు గుర్తించాలని ఉత్తర్వు ఇచ్చారు. 2005లో అక్కడి అటవీ శాఖ నియమాన్ని తిరగేసింది. అంతకుముందు చాలాచోట్ల ‘మూసినట్టు బోర్డు లేకపోతే తెరిచినట్టే’ అన్న పద్ధతి ఉండేది. ఇప్పుడు ‘పటంలో గుర్తించిన దారి తప్ప మిగతావన్నీ మోటారుకు మూసినట్టే’. ఆ పటాలను ప్రజలకు ఉచితంగా ఇస్తారు. నడిచేవారికి ఆ మూత వర్తించదు.

మన దగ్గర కూడా ఇది అసాధ్యమేమీ కాదు. రికార్డుల్లో ఉన్న బండిబాటల్లో కొన్నింటిని వినోద వాహనాల దారులుగా గుర్తించొచ్చు. పని ఆగిపోయిన క్వారీలు, వాటి దారులు ఇందుకు పనికొస్తాయేమో గనుల శాఖ చూడొచ్చు. వానలు పడే నెలల్లో, పక్షులు గుడ్లు పెట్టే కాలంలో మూసేయొచ్చు. బండికి ఇంత అని పంచాయతీ రుసుము వసూలు చేసి, ఆ డబ్బును దారి మరమ్మతుకు, చెరువు పూడికతీతకు వాడొచ్చు. ఏ దారి ఇవ్వాలి, ఏది కూడదన్నది గ్రామసభలో గొర్రెల కాపరుల మాట విన్నాకే తేల్చాలి. ఏ గుట్ట మీద ఎప్పుడు మేత ఉంటుందో వారికి తెలిసినంతగా ఏ శాఖకూ తెలియదు.

అప్పటిదాకా బురద, ఎత్తుపల్లాలు, వేగం కావాలనుకునేవారు ప్రైవేటు స్థలంలో ఏర్పాటు చేసిన ట్రాక్‌లకు వెళ్లడమే సరైన దారి. పోటీల్లో పాల్గొనాలంటే భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ల సమాఖ్య గుర్తింపు ఉన్న కార్యక్రమాన్నే ఎంచుకోండి.

మీరు వెళ్తుంటే ఇవి గుర్తుంచుకోండి

1. పటంలో ఉన్న బాట దాటి చక్రం దింపొద్దు. గాడి లోతుగా ఉందని పక్క నుంచి కొత్త బాట చేయొద్దు, వెనక్కి తిరగండి.
2. వాన పడిన తర్వాత రెండు మూడు రోజులు మట్టి బాటల జోలికి వెళ్లొద్దు. అణిగే నేల అప్పుడే ఎక్కువ అణుగుతుంది.
3. మంద ఎదురైతే బండి పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయండి. మంద పూర్తిగా దాటాక కదలండి. హారన్ కొట్టొద్దు.
4. చేను గట్టు, చెక్‌డ్యామ్, చెరువు కట్ట, మరవ మీదికి ఎక్కించొద్దు.
5. ఐదారు బండ్లకు మించి గుంపుగా వెళ్లొద్దు. చీకటి పడ్డాక గుట్టల్లో తిరగొద్దు.
6. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదిలి రండి.
7. ఎక్కడికి వెళ్లారో ఖచ్చితమైన లొకేషన్‌తో రీల్ పెట్టొద్దు. వచ్చే ఆదివారం అక్కడికి యాభై బండ్లు వస్తాయి.

మీ ఊళ్లో బండ్లు తొక్కి నష్టం చేస్తే?

వాహనం నంబరు కనిపించేలా ఫొటో లేదా వీడియో తీసుకోండి. తేదీ, సమయం, స్థలం రాసిపెట్టుకోండి. అడవిలోనైతే రేంజ్ కార్యాలయానికి, పోరంబోకులోనైతే పంచాయతీ కార్యదర్శికి, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. పంట, గట్టు నష్టమైతే పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు 112కు ఫోన్ చేయండి. స్పందన లేకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టుకోవచ్చు. లేపాక్షి మండల వాసులకు కలెక్టరేట్ పుట్టపర్తిలో ఉంది.

ఉమ్మడి భూముల ఆక్రమణలపై 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అర్జీలో ప్రస్తావించొచ్చు. చెరువులు, మేత భూములు ఊరి ఉమ్మడి అవసరాల కోసమేనని, వాటిని కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వాలదేనని ఆ తీర్పు చెప్పింది.

ఈ వారాంతం లేపాక్షి వెళ్తుంటే, రోడ్డు దిగే ముందు దగ్గర్లో ఉన్న కాపరినో రైతునో ఒక్క మాట అడగండి: ‘అన్నా, ఈ దారిలో పోవచ్చునా?’ వద్దంటే ఎందుకు వద్దో కూడా చెబుతారు. పోవచ్చంటే, ఎక్కడ వంక లోతుందో, ఎక్కడ చేను మొదలవుతుందో వాళ్లే చూపిస్తారు.